ఇస్నాపూర్‌లో పట్టని ప్లగ్గు

నేను ఫ్రెంచ్ టీచర్ని. సంగారెడ్డి రోడ్డు మీద ఒక ప్రైవేటు బడిలో తొమ్మిది, పది తరగతులకు చెబుతాను. పటాన్‌చెరు ఫ్యాక్టరీల పొగలో పెరిగినదానికి ఈ భాష ఎందుకు పట్టిందని మా చర్చికి వచ్చేవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. కాలేజీలో సంస్కృతం తప్పించుకోవడానికి తీసుకున్నాను, తర్వాత ఇష్టం పెరిగింది. అంతకు మించి కథ లేదు. బడి బయట ఆ భాషతో పని పడుతుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

పని పడింది మా బడిలో చదివే ఒక పాప తండ్రి వల్ల. ఆయనది ఇస్నాపూర్ పక్క ఊరే. వ్యవసాయం చేసుకున్న కుటుంబం. చుట్టూ పొలాలన్నీ షెడ్లయిపోతుంటే ఈయన కూడా తన పొలంలో ఒక షెడ్డు వేసి, కరెంటు బండ్లకు ఛార్జింగ్ ప్లగ్గులు చేసే ఫ్యాక్టరీ పెట్టాడు. ఎండలు ముదురుతున్న రోజుల్లో, బడి వదిలాక స్టాఫ్ రూముకు వచ్చి, చొక్కా జేబులోంచి ఒక నల్లటి ప్లగ్గు తీసి నా ముందు పెట్టాడు.

"టీచరమ్మా, మీకు ఫ్రెంచి మాట్లాడొస్తదా, లేకుంటే పుస్తకంల ఉన్నదే వస్తదా?"

"మాట్లాడొస్తది సార్. ఏం పని?"

"ఆఫ్రికా నుంచి మనుషులొస్తున్నరు. వాళ్లకు ఇంగ్లీషు అంతంత మాత్రమే. గీ ప్లగ్గును వాళ్ల దేశంల పెట్టుకునుడా, వద్దా అన్నది చూసిపోతరు. మీరు జెర నడుమ నిలబడి మాట్లాడాలె."

ప్లగ్గు చేతిలోకి తీసుకుని చూశాను. అరచేతిలో పట్టేంత ఉంది. దీని కోసం ఖండాలు దాటి రావడమేమిటో నాకు అర్థం కాలేదు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. పెద్ద కార్లకు ఏ ప్లగ్గు ఉండాలో మనకంటే ముందు బయలుదేరిన దేశాలు ఎప్పుడో తేల్చేసుకున్నాయి. మనం వాళ్ల రంధ్రాలకు తగ్గట్టు మన పిన్నులు చేసుకున్నాం. స్కూటర్లు, ఆటోల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. అందుకని మనవాళ్లు కూర్చుని, నెమ్మదిగా ఛార్జ్ చేయాలన్నా జల్దీ చేయాలన్నా ఒకే ప్లగ్గు సరిపోయేలా ఒక స్టాండర్డ్ గీశారు. ఏ దేశం మన స్టాండర్డ్ ఒప్పుకుంటే ఆ దేశంలోకి మన ప్లగ్గులే కాదు, ఛార్జర్లు, వైర్లు, బండ్లు అన్నీ పోతాయి. ఒప్పుకోకపోతే రేపు మనమే ఇంకొకరి ప్లగ్గు తెచ్చుకోవాలి.

"వాళ్ల దేశంలకు వేరేటోళ్లు ఇప్పటికే పోయిన్రు. బండ్లు, ప్లగ్గులు, అన్నీ దించిన్రు. మనం లేటు," అన్నాడు. ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

ఒప్పుకున్నాను. ఆ వారమంతా వంటింట్లో కూర వేయించుకుంటూ ఫ్యూజు, ఇన్సులేషను, గొళ్లెం అంటూ ఫ్రెంచ్‌లో గొణుక్కుంటుంటే, ముత్తంగి గోదాములో సూపర్‌వైజరుగా చేసే మా ఆయన, "పిల్లలు పరేషానైతున్నరు, ఎవర్ని తిడుతున్నవో అని," అన్నాడు.

సమావేశం కంది దగ్గర ఉన్న పెద్ద క్యాంపస్‌లో, అద్దె హాల్లో. గోడ అవతల ఎవరిదో వరిచేను, ఇవతల ఏసీ. ఢిల్లీ నుంచి ఒక అధికారి వచ్చాడు. ఈ స్టాండర్డును బయటి దేశాలకు పరిచయం చేయడం ఆయన ఉద్యోగం. చాలా మర్యాదస్తుడు, తెలుగు రాదు, ఇంగ్లీషులో మాట్లాడతాడు. వచ్చిన వాళ్లు ఇద్దరు. ఒకావిడ యాభై దాటిన ఎలక్ట్రికల్ ఇంజనీరు, వాళ్ల దేశంలో ఏ పరికరం ఏ కొలతలో ఉండాలో నిర్ణయించే ఆఫీసులో పెద్ద. రెండో ఆయన మోటారు సైకిల్ టాక్సీ నడిపేవాళ్ల సంఘం నాయకుడు. ఆ దేశంలో మనుషులు ఎక్కువగా తిరిగేది ఆ టాక్సీల మీదేనట, ఇప్పుడవి ఒక్కొక్కటిగా కరెంటుకు మారుతున్నాయట.

అధికారి తెర మీద బొమ్మలు చూపిస్తూ చెప్పుకుంటూ పోయాడు. నేను వెనకాలే ఫ్రెంచ్‌లో చెప్పాను. గంటసేపు సాఫీగా నడిచింది. అప్పుడు ఇంజనీరమ్మ పెన్ను బల్ల మీద పెట్టి అడిగింది.

"మీ దేశంలో ఈ రోజు ఎన్ని బండ్లు దీని మీద నడుస్తున్నాయి?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. అధికారి నవ్వి, విధానం గురించి, వచ్చే ఏళ్ల లక్ష్యాల గురించి, ముందుకొచ్చిన కంపెనీల గురించి మాట్లాడాడు. నేను మొత్తం చెప్పాను. ఆవిడ విని, ఈసారి ఫ్యాక్టరీ యజమాని వైపు తిరిగింది.

"మీరు ఇక్కడి వారే కదా. మీ చుట్టుపక్కల?"

ఆయన తడుముకోకుండా తెలుగులో అన్నాడు. "మా ఏరియల ఆటోలు, డెలివరీ బండ్లు, అన్నీ గీ ప్లగ్గుతోనే నడుస్తయి."

నేను నోరు తెరిచి ఆగిపోయాను. మన తెలుగులో 'నడుస్తయి' అంటే రోజూ నడుస్తున్నాయని కావచ్చు, రేపెప్పుడో నడుస్తాయని కావచ్చు. మనం సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటాం. ఫ్రెంచ్‌లో ఆ రెండూ వేరు వేరు మాటలు. ఏదో ఒకటి ఎంచుకోకుండా వాక్యం కదలదు. పిల్లలకు ఏటా ఈ పాఠం చెబుతాను. పరీక్షలో తప్పు రాస్తే అర మార్కు తీసేస్తాను.

"సార్," అన్నాను మెల్లగా, "ఇప్పుడు నడుస్తున్నయా, ఇగ ముంగట నడుస్తయా? వాళ్ల భాషల రెండూ వేరే."

ఆయన ముఖం మారిపోయింది. "నడుస్తయి అన్న గదా. గదే చెప్పున్రి."

"ఏమంటున్నారు?" అని అధికారి ఇంగ్లీషులో అడిగాడు. సంఘం నాయకుడు నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూస్తున్నాడు. వర్తమానం వాడితే అబద్ధం నాదవుతుంది. భవిష్యత్తు వాడితే ఆయన అనని మాట ఆయన నోట్లో పెట్టినట్టవుతుంది. చివరికి ఇంజనీరమ్మతో ఉన్నదున్నట్టు చెప్పాను. "ఆయన వాడిన మాటకు మా భాషలో ఇవాళ అనీ రేపు అనీ రెండర్థాలూ ఉన్నాయి. ఏదని అడిగాను. మళ్లీ అదే మాట అన్నారు."

ఆవిడ నవ్వలేదు. పెన్నుకు మూత పెట్టింది. "అయితే ఇవాళ్టిది చూద్దాం. ఫ్యాక్టరీకి పోయే దారిలో ఆటోలు ఛార్జింగ్ పెట్టుకునే చోటు ఏదైనా ఉందా?"

అధికారి కారు ముందు, మా వ్యాను వెనక. అతిథులిద్దరూ ముందు సీట్లో, మేమిద్దరం వెనక. లారీల మధ్య హైవే ఎక్కగానే ఆయన గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. వాళ్లకు తెలుగు రాదన్న ధైర్యం కాబోలు, ముఖం మాత్రం మామూలుగానే పెట్టుకున్నాడు.

"ఏంది టీచరమ్మా, నన్ను ముంచుతవా? మాటకు మాట చెప్పుమంటే పరీక్ష పెడుతున్నవ్." అంతకుముందు ఎప్పుడూ ఆయన నన్ను నువ్వు అనలేదు.

"నేను అబద్ధం ఎట్ల చెప్పాలె సార్?"

"అబద్ధం ఎవ్వడు చెప్పుమన్నడు? ఇయ్యాల నడుస్తలేవు, రేపు నడుస్తయి. ఎట్ల నడుస్తయో తెల్సా? గా అమ్మ ఒప్పుకుంటే నడుస్తయి. ఇక్కడ బండ్ల కంపెనోళ్ల దగ్గరికి పోతే ఒక్కొక్కడు తన సొంత ప్లగ్గు చూపిస్తడు. స్టాండర్డ్ ఉన్నది గదా అంటే, చూద్దాం లే అంటడు. బయటి దేశమోళ్లు తీసుకున్నరంటే గప్పుడు తలుపు తీస్తరు. షెడ్డుల ముప్పై మంది ఆడోళ్లు కూసున్నరు, ఈ ఒక్క ప్లగ్గు చేసుకుంట."

బయటికి పంపడానికి ముందు ఇంట్లో నడవాలని నేను అనుకున్నాను. ఆయన లెక్క తిరగబడి ఉంది. బయట నడిస్తేనే ఇంట్లో నడుస్తుంది. ఆయన చెప్పింది తప్పని కూడా నాకు అనిపించలేదు. అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

"ఆటోలోళ్లతోని మాట్లాడేటప్పుడు జెర అటు ఇటు చేసి చెప్పు. నీకు దండం పెడత," అన్నాడు.

"అట్ల చెయ్యలేను సార్. నన్ను దింపేయమంటే ఇక్కడనే దిగుత."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. వ్యాను ఆపమని మాత్రం అనలేదు, రుద్రారం దాటిపోయాం.

ఇస్నాపూర్‌లో కూలీల కిరాయి గదుల వరసలో ఒక సైకిల్ షాపు ఉంది. అక్కడే కరెంటు ఆటోలు ఛార్జింగ్ పెట్టుకుంటారు. మేం వెళ్లేసరికి మూడు నాలుగు ఆటోలు నీడలో నిలబడి ఉన్నాయి. ఒక డ్రైవరు సీటు మీద కాళ్లు చాపి పడుకున్నాడు. కారూ వ్యానూ ఒక్కసారే ఆగేసరికి ఆర్టీవో వాళ్లనుకుని లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

సంఘం నాయకుడు సూటిగా ఆయన దగ్గరికే పోయి చేయి కలిపాడు. తన నల్లటి వేళ్ల మీద గ్రీజు మరకలు చూపించి, తాను కూడా బండి నడిపేవాడినని చెప్పమన్నాడు. నేను చెప్పాను. డ్రైవరు ముఖం విప్పారింది.

"దీన్నెట్ల ఛార్జింగ్ పెడతవో చూపియ్యమంటున్నరు అన్నా," అన్నాను.

డ్రైవరు సీటు కిందినుంచి ఒక సంచి లాగాడు. అందులో రకరకాల ప్లగ్గులు, వాటి మధ్య అతుకులు వేసిన వైర్లు, నల్ల టేపు చుట్టిన కీళ్లు. ఒకటి కరిగి వంకరపోయి ఉంది.

"గీ షాపుకొకటి, ముత్తంగి కాడ ఒకటి, ఇంటికాడ ఒకటి. బండి కంపెనీది ఒకటి. ఏ కాడ ఏది పడితే అది."

సంఘం నాయకుడు నా దగ్గరున్న మన కొత్త ప్లగ్గు తీసుకుని ఆయనకిచ్చాడు. "దీన్ని పెట్టి చూపించమను."

డ్రైవరు తిప్పి తిప్పి చూశాడు. "గట్టిగనే ఉన్నది. పట్టుకుంటే మంచిగున్నది." బండి దగ్గరికి తీసుకుపోయి పెట్టబోయాడు. పట్టలేదు. ఇంకో బండికి పెట్టాడు. దానికీ పట్టలేదు. "నా బండికి పట్టది మేడం. ఇక్కడ ఏ బండికీ పట్టది. ఇది ఎక్కడిది? ఫారిన్‌దా?"

యజమాని నిలబడ్డ చోటు నుంచి ఆ డ్రైవరు పాతిక అడుగుల దూరం కూడా లేడు. ఇద్దరూ ఒకే మండలంవాళ్లు, ఒకే జాతరకు పోయేవాళ్లు. నేను తిరిగి చూడకుండా చెప్పాను. ఆయన బండికి పట్టదని, ఇక్కడ దేనికీ పట్టదని, ఇది విదేశాలదా అని అడుగుతున్నాడని.

అధికారి ఇంగ్లీషులో గబగబా అందుకున్నాడు. "ఇది ఒక చిన్న చోటు మాత్రమే. దీన్నిబట్టి దేశం గురించి నిర్ణయానికి రాకూడదు..."

"ఆగున్రి సార్," అని యజమాని తెలుగులో అడ్డుపడ్డాడు. అధికారికి తెలుగు రాదన్న సంగతి మరిచిపోయినట్టున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "టీచరమ్మా, నేను చెప్పేది చెప్పు. ఇక్కడ నడుస్తలేదు. నిజం. ఎవ్వలూ పెట్టుకుంటలేరు. నేను ఇంకా ఒక్క ఆటో కంపెనీకి కూడ అమ్మలే. మీరు పెట్టుకుంటే ఇక్కడోళ్లు కూడ పెట్టుకుంటరని ఆశతోని పిలిచిన. వస్తువు మాత్రం మంచిది. గంతే."

నేను ప్రతి మాటా చెప్పాను.

ఇంజనీరమ్మ ఆ సంచి దగ్గరికి వచ్చి వంగింది. తర్వాత కరిగిన ప్లగ్గును తీసి పట్టుకుని అంది. "మా దగ్గర కూడా ఇవే సంచులు. మాకు బండ్లు తెచ్చినవాళ్లు ప్లగ్గు పాడైతే ఓడలో కొత్తది పంపుతారు. దాన్ని ఎలా చేయాలో డ్రాయింగు అడిగితే ఇవ్వరు."

"మేం డ్రాయింగు ఇస్తాం," అన్నాడు అధికారి వెంటనే. "అది ప్రచురించిన స్టాండర్డ్. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా తయారు చేసుకోవచ్చు."

అప్పుడు సంఘం నాయకుడు ప్లగ్గు గొళ్లాన్ని గోటితో కదిపాడు. తమది సముద్రం ఒడ్డు, ఇసుక గాలి అన్నాడు. ఇసుక ఈ గొళ్లెంలో దూరితే వానాకాలంలో తెరుచుకోదు. దీని మీద ఒక రబ్బరు తొడుగు కావాలి. గొళ్లెం కొంచెం పెద్దదిగా, పక్కకు ఉండాలి. "మార్చగలరా?"

యజమాని తల ఊపబోయాడు. అధికారి చేయి ఎత్తాడు. "అది స్టాండర్డులో ఉన్న కొలత. కమిటీ ద్వారానే మార్చాలి."

"కమిటీలో ఎవరుంటారు?" అని ఇంజనీరమ్మ అడిగింది.

"మా ప్రభుత్వ విభాగాలు, మా పరిశ్రమ, మా పరిశోధకులు."

"అందరూ మీ దేశం వాళ్లేనా?"

"ప్రస్తుతానికి, అవును."

"అయితే దాన్ని మేం ఒప్పుకుంటే ఏం మారినట్టు?" ఆవిడ గొంతు పెంచలేదు. "మా ఇంట్లో ప్లగ్గు మార్చాలంటే మీ ఇంటికి వచ్చి తలుపు కొట్టాలి. ఇంతకు ముందూ అదే కదా."

నేను ఇంగ్లీషులో చెబుతుంటే అధికారి ముఖం ఎర్రబడింది. కోపమో సిగ్గో తెలియలేదు. ఆయన నా వైపు చూసి, "ఆమె ఇంత కటువుగానే అన్నారా?" అని అడిగాడు. అవునన్నాను. ఆయన నోట్ చేసుకోలేదు, వాదించలేదు. కారు దగ్గరికి పోయి ఫోనులో ఎవరితోనో హిందీలో మాట్లాడుతూ ఎండలో అటూ ఇటూ తిరిగాడు.

ఫ్యాక్టరీలో అరగంట గడిపారు. సంతకాలు కాలేదు. ఆడవాళ్లు వరసలో కూర్చుని పిన్నులు బిగిస్తుంటే ఇంజనీరమ్మ ఒకామె పక్కన చాలా సేపు నిలబడింది. పోయేటప్పుడు నాతో ఒక్క మాట అంది. "మీరూ నేనూ మాట్లాడుకోవడానికి మూడో వాళ్ల భాష కావలసి వచ్చింది చూశారా." తర్వాత వాళ్లు ముత్తంగి దగ్గర రింగు రోడ్డెక్కి విమానాశ్రయానికి పోయారు.

నన్ను ఇంటి దగ్గర దింపడానికి ఎవరూ రాలేదు. ఆటోలో వచ్చేశాను. యజమాని తర్వాత రోజుల్లో బడికి వచ్చినా స్టాఫ్ రూము వైపు చూడలేదు. పాప కూడా క్లాసులో నా కళ్లలోకి చూడటం మానేసింది. అది నాకు అన్నిటికంటే బాధనిపించింది. మా ఆయన మాత్రం, "నువ్వు నడుమ నిలబడ్డవ్. రెండు దిక్కుల నుంచి తగులుతయి," అన్నాడు. అంతకు మించి ఓదార్చలేదు. మంచిదే.

వానలు పడుతున్నప్పుడు యజమాని మళ్లీ స్టాఫ్ రూముకు వచ్చాడు. తడిసిన గొడుగు తలుపు దగ్గర పెట్టి, నిలబడే మాట్లాడాడు.

"వాళ్లు మళ్లీ మీటింగ్ పెట్టిన్రు. కంప్యూటర్ల. గా అమ్మ మీరే ఉండాలె అన్నదంట."

"మీకు ఇష్టమేనా సార్?"

"నా ఇష్టంతోని ఏమున్నది." గొడుగు అందుకుంటూ, "ఉండున్రి టీచరమ్మా," అన్నాడు. 'మీరు' మళ్లీ వచ్చింది ఆయన మాటలోకి.

ఆ సమావేశంలో అధికారి చెప్పిన కబురు ఇది. కమిటీలో బయటి దేశాల వాళ్లు కూర్చుని మాట్లాడటానికి వీలు కల్పించారు. ఓటు లేదు, కానీ మార్పులు ప్రతిపాదించవచ్చు. ఓటెందుకు లేదని ఇంజనీరమ్మ మూడు రకాలుగా అడిగింది. ఆయన మూడు రకాలుగా చెప్పాడు. ఆవిడ తృప్తిపడలేదు, కానీ వాళ్ల మొదటి ప్రతిపాదన పంపింది. గొళ్లెం గురించే. దాని మీద ఎన్ని వాదనలు జరిగాయో నాకు తెలుసు. ప్రతిదీ నా నోటి గుండానే పోయింది. ఒకసారి మనవాళ్ల పెద్దాయనొకరు, మనం ఇచ్చేవాళ్లం, వాళ్లు తీసుకునేవాళ్లు అన్న ధోరణిలో మాట్లాడారు. అది కూడా చెప్పేశాను. ఆ రోజు వాళ్లు సమావేశం మధ్యలో వదిలి వెళ్లిపోయారు. మళ్లీ కూర్చోబెట్టడానికి ఢిల్లీ అధికారే ఫోన్లు చేసి క్షమాపణ అడిగాడట. ఆయన మీద నాకు గౌరవం అప్పుడు కలిగింది.

గొళ్లెం చివరికి మారింది. వాళ్ల దేశం మన స్టాండర్డును పూర్తిగా ఒప్పుకోలేదు. ఒక రేవు పట్నంలో, కొన్ని టాక్సీల మీద, పరీక్షకు పెట్టింది. ఇంతలో ఇక్కడ ఒక ఆటో కంపెనీ వాళ్లు ఆ వార్త విని యజమానిని పిలిపించుకున్నారు. ఆయన ఊహించినట్టే జరిగింది, ఊహించినంత మాత్రం జరగలేదు. ఇంకా మాటల్లోనే ఉన్నారు.

అక్కడి మెకానిక్కులకు బిగించడం నేర్పడానికి ఫ్యాక్టరీ నుంచి ఒకామె వెళ్లింది. వరసలో కూర్చుని పిన్నులు బిగించేవాళ్లకు సూపర్‌వైజరు, మా చర్చికే వస్తుంది. పాస్‌పోర్టు చేయించుకుని, మొదటిసారి విమానం ఎక్కింది. నాకు బడి పరీక్షలుండి వెళ్లలేకపోయాను. పోయే ముందు ఆమెకు పది ఇరవై మాటలు నేర్పాను. తిరిగొచ్చాక ఆదివారం ఆరాధన అయిపోయి అందరూ పోతుంటే నా చేయి పట్టుకుని ఆపింది.

"ఎట్లయింది అక్కా?" అన్నాను.

"మస్తు ఎండ. చేపలు మస్తు. వాళ్లు నన్ను మంచిగ చూసుకున్నరు, ఇంట్ల మనిషి లెక్క."

"మన ప్లగ్గు?"

ఆమె కొంగు సవరించుకుంది. "నేను నేర్పిన షెడ్డులనే ఇంకో దేశపోళ్లు కూడ ఉన్నరు మేడం, వాళ్ల ప్లగ్గు పెట్టుకుని. వాళ్ల జాగ పెద్దది. అక్కడి మెకానిక్కులు నా కాడికి వచ్చి నేర్చుకుంటరు, మల్ల వాళ్ల కాడికి పోయి నేర్చుకుంటరు. ఏది పెట్టుకుంటరో ఎవ్వలకు చెప్పలే."

"నీకేమనిపిస్తుంది?"

"నాకు తెల్వది మేడం," అంది. "మంచిగ నవ్వుతరు, అన్నం పెడతరు. గానీ మన ప్లగ్గును మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి గుంజి గుంజి చూస్తరు."